వినోబా భావే చరిత్రము: హత్యకు ఉరి మందగునా?

హంతకుని నురిదీసినచో హత్యలు తగ్గునని పెక్కుమంది పెద్దలు నమ్ముచున్నారు. ఈ నమ్మకమును పరీక్షింప వినోబా భావే జీవితము మనకు తోడ్పడునని తలంచి దాని నిచ్చట సంగ్రహించుచున్నాము.

ఈయన 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీని మహారాష్ట్రమునందలి గాగోదె గ్రామమున జన్మించెను. 1916లో గాంధీమహాత్ముని యాశ్రమమున జేరెను. 1940లో వ్యక్తిసత్యాగ్రహమునకు మొదటివాడుగా నెన్నుకొనబడి చెఱసాల కేగెను.

1951లో శివరాంపల్లి సర్వోదయసభకు కాలినడకను వచ్చి, అచ్చటినుండి నల్లగొండ సీమకు బయలుదేరెను. ఆ సీమలో భూమికై రైతులకును దొరలకును జరిగిన పోరాటమున నిరువైపుల రక్తము ప్రవహించియుండెను. 1948లో సైన్యము వచ్చెను. 1949లో ప్రత్యేక న్యాయస్థానములు హత్యాభియోగములపై ఉరిశిక్షలు విధించెను. అయినను 1951 వేసవినాటికి పల్లెలకు నెమ్మది చిక్కలేదు. ఏప్రిల్ 18వ తేదీని పోచంపల్లి హరిజనులు తమకు 80 ఎకరములు చాలునని వినోబాతో విన్నవించుకొనగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరము లిచ్చెదమనిరి. భూదానోద్యమ మట్లు పుట్టెను.

దానముచేతనే హత్యలు నిలిచెనని మేము చెప్పము. ఆ యక్టోబరున పోరాటము విరమింపబడుటకు సైనికబలమును, నాయకుల నిర్ణయమును గూడ కారణములు. దానమిచ్చిన భూములలో బంజరులును, పంచబడక మిగిలినవియు ననేకములు. అయినను హత్యకు మూలము పొలమున నున్నదని వినోబా గుర్తించెను. ఉరికంబము దానిని తాకజాలదు.

1960లో చంబలులోయ బందిపోట్లనడుమ నీయన సంచరించెను. మరణశిక్ష పడిన తహసీల్దారు సింగు చెఱనుండి వ్రాసిన లేఖయే యా యాత్రకు ప్రేరణము. సుమారు 20 మంది యాయుధములు విడిచిరి. వారికి విడుదల వాగ్దానము చేయబడలేదు. న్యాయస్థానముల యెదుట నిలిచిరి. తహసీల్దారు సింగునకు మాత్రము ఉరి తప్పెను. వినోబా 1982 నవంబరు 15వ తేదీని పవనారులో దేహము చాలించెను.

ఉరిశిక్ష హత్యలను తగ్గించునో లేదో అంతవఱకు జరిగిన పరిశోధనలవలన తేలదని 2012లో అమెరికా జాతీయ పరిశోధనామండలి తెల్పెను. ఉగ్రవాదనేరములకు దక్క దానిని రద్దుచేయవలెనని 2015లో మన న్యాయసంఘము సూచించెను. హంతకుని విడిచిపెట్టవలెనని మే మనుట లేదు. పట్టువడక తప్పదను భయము, ఆకలితీర్చు న్యాయము, ఈ రెండును లేనిచోట శిక్ష నెంత క్రూరము చేసినను ఫలమేమి? భూమిగల చదువరు లీ ప్రశ్నను మొదట తమ్ము దామే యడిగికొందురుగాక.