గ్యారీ గైగాక్స్: ఆటను ఎవరికి నచ్చినట్లు వారు మార్చుకోవచ్చన్న మనిషే అందరికీ ఒకే రూల్‌బుక్ ఎందుకు రాశారు?

నెట్‌ఫ్లిక్స్‌లో 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్ తొలి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు ఇంటి బేస్‌మెంట్‌లో టేబుల్ చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడుతుంటారు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఆ ఆటను తయారుచేసి, 1974లో మార్కెట్‌లోకి తెచ్చిన వ్యక్తి గ్యారీ గైగాక్స్. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లుగా నేడు ప్రపంచమంతా ఆడుతున్న ఆటలకు మూలం అదే.

ఈ ఆటకు బోర్డు తప్పనిసరి కాదు. చివర్లో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిపోవడం కూడా ఉండదు. కొన్ని కాగితాలు, పెన్సిళ్లు, నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా ఉండే పాచికలు చాలు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని ఎదురుగా ఏముందో వర్ణిస్తారు. మిగతావారు ఒక్కో పాత్ర తీసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచిక తేలుస్తుంది. ఇక్కడ కథ వినేవాళ్లు ఊ కొట్టి ఊరుకోరు, కథనే మలుపు తిప్పుతారు.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నా ఒకరికి పోరాటం కావాలి, ఇంకొకరికి చిక్కుముడులు విప్పాలని ఉంటుంది, మరొకరికి పాత్రలో లీనమై మాట్లాడటమే ఆనందం. గేమ్ మాస్టర్‌కేమో తాను నెలల తరబడి ఊహించిన లోకాన్ని చూపించాలని ఉంటుంది. వీళ్లందరికీ సరిపోయే ఆట ఏది? దాన్ని ఎవరు నిర్ణయించాలి? గైగాక్స్ జీవితంలోని ఎత్తుపల్లాలు చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

బీమా ఉద్యోగం, బొమ్మ సైనికులు

గైగాక్స్ 1938 జులై 27న షికాగోలో పుట్టారు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన వయొలిన్ కళాకారుడు. 1946లో ఆ కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణానికి మారింది. గైగాక్స్‌కు చిన్నతనంలోనే చదరంగం అబ్బింది కానీ బడి చదువు అబ్బలేదు. హైస్కూల్ మధ్యలోనే మానేశారు. పెళ్లయి పిల్లలు పుట్టాక షికాగోలోని ఒక బీమా కంపెనీలో అండర్‌రైటర్‌గా పనిచేశారు.

తీరిక దొరికితే యుద్ధక్రీడలే ఆయన లోకం. చరిత్రలో జరిగిన యుద్ధాలను బొమ్మ సైనికులతో, మ్యాపులతో, పాచికలతో టేబుల్ మీద మళ్లీ ఆడటమే ఈ క్రీడ. తనలాంటి అభిరుచి ఉన్నవారిని ఒకచోట చేర్చేందుకు 1968లో లేక్ జెనీవాలోని హార్టికల్చరల్ హాల్‌ను 50 డాలర్లకు అద్దెకు తీసుకుని ఒక సమావేశం ఏర్పాటు చేశారు. 'జెన్ కాన్' పేరుతో అది నేటికీ జరుగుతోంది. 1969లో అక్కడే ఆర్నెసన్‌తో పరిచయమైంది.

1970లో బీమా ఉద్యోగం పోయింది. ఐదుగురు పిల్లలున్న ఇల్లు. చెప్పులు, బూట్లు బాగుచేసే పని నేర్చుకుని ఇంట్లోనే చేస్తూ, మిగతా సమయంలో ఆటలు రాసేవారు. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి 'చైన్‌మెయిల్' అనే మధ్యయుగ యుద్ధక్రీడ నియమావళి తెచ్చారు. దాని చివర్లో మాంత్రికులు, డ్రాగన్లతో ఒక అనుబంధం చేర్చారు. చారిత్రక కచ్చితత్వం కోరుకునేవారికి అది రుచించలేదు. కానీ పుస్తకాన్ని జనంలోకి తీసుకెళ్లింది ఆ అనుబంధమే.

రెండు ఊళ్లు కలిసిన చోట

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో ఆర్నెసన్ బృందం మరో దారిలో వెళ్తోంది. అక్కడి డేవిడ్ వెస్లీ ఒక యుద్ధక్రీడలో ఆటగాళ్లకు సైన్యాలకు బదులు ఒక్కో వ్యక్తి పాత్ర ఇచ్చి చూశారు. ఆ ఆలోచనను ఆర్నెసన్ 'బ్లాక్‌మూర్' అనే కల్పిత ప్రాంతానికి తీసుకెళ్లి, కోట కింది నేలమాళిగల్లో వారం వారం సాగే సాహసంగా మార్చారు. 1972 చివర్లో లేక్ జెనీవా వచ్చి గైగాక్స్‌కు ఆడి చూపించారు.

గైగాక్స్ వెంటనే పనిలో పడ్డారు. ఆర్నెసన్ నోట్సు తెప్పించుకుని, తన నియమాలు కలిపి రాసి, 'గ్రేహాక్' అనే సొంత కల్పిత లోకాన్ని మొదట తన పిల్లలతోనే ఆడించి చూశారు. పెద్ద ప్రచురణ సంస్థ అవలాన్ హిల్ ఈ ఆటను వద్దంది. దీంతో 1973లో చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో కలిసి, చెరో వెయ్యి డాలర్లతో టీఎస్ఆర్ కంపెనీ పెట్టారు. ముద్రణకు అదీ చాలకపోతే బ్రయన్ బ్లూమ్ డబ్బు తెచ్చి భాగస్వామిగా చేరారు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాలున్న వెయ్యి పెట్టెలు బయటికొచ్చాయి. పెట్టె ధర 10 డాలర్లు. ఏడాది తిరిగేలోపు అన్నీ అమ్ముడుపోయాయి.

మీ ఊహ మీదే

ఆ తొలి పుస్తకాల్లో ఖాళీలు చాలా ఉండేవి. ఒక్కోచోట ఏం చేయాలో కూడా స్పష్టంగా ఉండేది కాదు. మూడో పుస్తకం చివర్లో రచయితలు తేల్చి చెప్పింది ఒకటే: ఎలా ఉండాలనుకుంటున్నారో మీరే నిర్ణయించుకోండి, మీ తరఫున ఊహించే పని కూడా మేమే ఎందుకు చేయాలి అని.

ఆటగాళ్లు ఆ మాటను అక్షరాలా పాటించారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యార్థులు 1975 నాటికే తమదైన రూపాన్ని తయారుచేసుకున్నారు. అదే ఏడాది కెన్ సెయింట్ ఆండ్రే ఇంకా తేలికైన 'టన్నెల్స్ అండ్ ట్రోల్స్' తెచ్చారు. లాస్ ఏంజలెస్‌లో లీ గోల్డ్ నడిపిన అభిమానుల పత్రికలో ఒక్కో ఊరివాళ్లు ఎలా ఆడుతున్నారో చర్చించుకునేవారు. 1975లో ఆ పత్రికకు గైగాక్స్ కూడా లేఖ రాశారు. అందరూ ఒకేలా ఆడాలని ఒప్పుకున్న రోజున ఈ ఆట చప్పబడిపోతుందన్నది అందులో ఆయన వాదన.

మాట మారింది

మూడు, నాలుగేళ్లలో పరిస్థితి తలకిందులైంది. 1975 జనవరిలో డాన్ కే గుండెపోటుతో చనిపోయారు. కంపెనీ బాధ్యత గైగాక్స్, బ్లూమ్‌ల మీద పడింది. ఆట విపరీతంగా పెరిగింది. నియమాల మీద సందేహాలు అడుగుతూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సమావేశాల్లో టోర్నమెంట్లు పెడితే పది టేబుళ్ల దగ్గరా ఒకే తీర్పు ఉండాలి కదా అన్న ప్రశ్న వచ్చింది. బయటివాళ్లు అమ్ముకుంటున్న మార్పులూ చేర్పులూ కంపెనీకి పోటీగా కనిపించాయి.

దీనికి గైగాక్స్ ఇచ్చిన జవాబు 'అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1977లో రాక్షసుల పుస్తకం, 1978లో ఆటగాళ్ల పుస్తకం, 1979లో గేమ్ మాస్టర్ పుస్తకం వచ్చాయి. ఇది పాత ఆటకు పొడిగింపు కాదని, బిగువైన నియమాలున్న వేరే ఆట అని, ఇష్టమొచ్చినట్లు మార్చి ఆడితే అది ఈ ఆటే కాదని ఆయన తన కంపెనీ పత్రికలో వాదించారు.

'వేరే ఆట' అన్న మాటకు డబ్బు కోణం కూడా ఉంది. వేరే ఆటైతే తొలి ఆట సహరచయితకు రాయల్టీ ఇవ్వక్కర్లేదు. ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కారు. 1981లో కోర్టు బయట రాజీ కుదిరింది కానీ ఇద్దరి స్నేహం మళ్లీ మునుపటిలా లేదు.

ఒకే పుస్తకం అందరికీ ఎందుకు సరిపోదో తెలుగు పాఠకుడికి ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. 1977 నాటి పుస్తకంలో 'రాక్షస' పేరుతోనే ఒక జీవి ఉంది. బొమ్మలో దానికి పులి తల. నమ్మించి మోసగించడం, చంపి తినడం దాని పని. 'మాయాబజార్' ఘటోత్కచుడిని చూసి పెరిగినవారి మనసులోని రాక్షసుడు అది కాదు. ఘటోత్కచుడే కావాలనుకునే టేబుల్ ఆ పుస్తకాన్ని మార్చుకోవాల్సిందే.

పుస్తకం ఒకటి, టేబుల్ ఇంకొకటి

ఇది గైగాక్స్‌కు తెలియనిది కాదు. తన దగ్గర ఆరితేరిన ఆటగాళ్ల గీర దించడానికి 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సమాధి సాహసాన్ని రాశారు. అందులో కత్తికి పని తక్కువ, అడుగడుగునా ప్రాణం తీసే ఉచ్చులు. 1978లో ముద్రించినప్పుడు గేమ్ మాస్టర్లకు ముందే హెచ్చరిక ఇచ్చారు. ఇది బుర్ర పెట్టి ఆడేవారికని, నరుకుడే కావాలనుకునే బృందానికి నచ్చదని చెప్పారు. కొత్తవారి కోసం రాసిన 'ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్'లో ఇందుకు భిన్నం. తలదాచుకోవడానికి ఒక కోట, దగ్గర్లో చిన్న చిన్న గుహలు, ప్రతి దశలోనూ గేమ్ మాస్టర్‌కు సలహాలు. పైగా ఒక గుహను ఖాళీగా వదిలేసి, దాన్ని గేమ్ మాస్టరే నింపుకోవాలన్నారు.

1979 నాటి గేమ్ మాస్టర్ పుస్తకంలోనూ ఈ రెండు గొంతులూ వినిపిస్తాయి. ముందుమాట అన్ని చోట్లా ఒకే పద్ధతి ఉండాలంటుంది. చివరిమాటకొచ్చేసరికి నియమాల అక్షరం కన్నా ఆట స్ఫూర్తే ముఖ్యమంటుంది. తాను రాసిన క్లిష్టమైన నియమాల్లో కొన్నింటిని తన సొంత టేబుల్ దగ్గర వాడేవాడిని కాదని గైగాక్స్ తర్వాతి రోజుల్లో ఒప్పుకున్నారు కూడా.

ఆలోగా ఈ రంగంలోని ఇతరులు ప్రశ్నను నేరుగా అడగడం మొదలుపెట్టారు. 1980లో గ్లెన్ బ్లాకో ఒక వ్యాసంలో ఆటగాళ్ల ఇష్టాలను నాలుగు రకాలుగా విడదీశారు: పాత్రలో జీవించడం, కథ అల్లడం, బలం పెంచుకోవడం, యుద్ధవ్యూహం. 1981లో వచ్చిన 'కాల్ ఆఫ్ కతూలూ' భయం, పరిశోధన కోరుకునేవారి ఆట. అక్కడ పోరాటానికి దిగితే పోయేది ఎక్కువగా ఆటగాడి పాత్రే. అన్నీ ఒక్క ఆటలో ఇరికించే బదులు, కోరికను బట్టి ఆటను ఎంచుకోవచ్చన్న దారి అలా తెరుచుకుంది.

సొంత కంపెనీ చేజారింది

1980ల తొలినాళ్లలో ఆట ఎంత పేరు తెచ్చుకుందో అంత వివాదమూ తెచ్చుకుంది. పిల్లలను చెడగొడుతోందని, క్షుద్రపూజలు నేర్పుతోందని అమెరికాలో కొన్ని వర్గాలు ఆరోపించాయి. గైగాక్స్ టీవీ కెమెరాల ముందు కూర్చుని ఆటను సమర్థించుకోవాల్సి వచ్చింది. 1983లో ఆయన కార్టూన్, సినిమా పనుల మీద హాలీవుడ్‌లో ఉండగా ఇక్కడ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. తిరిగొచ్చి నిలబెట్టే ప్రయత్నం చేశారు. కానీ ఆయనే కంపెనీలోకి తీసుకొచ్చిన లొరెయిన్ విలియమ్స్ బ్లూమ్ కుటుంబం వాటాలు కొనడంతో 1985లో పగ్గాలు చేజారాయి. 1986 చివరికి ఆయన కంపెనీ నుంచి పూర్తిగా బయటికొచ్చారు. ఏ ఆటకైతే ఒకే అధికారిక రూపం ఉండాలని పట్టుబట్టారో, దాని మీద ఆయనకే అధికారం లేకుండా పోయింది.

1992లో 'డేంజరస్ జర్నీస్' అనే కొత్త ఆట తెస్తే టీఎస్ఆర్ కోర్టుకు లాగింది. రాజీతో ఆ ఆట కథ ముగిసింది. అది నియమాల బరువు ఎక్కువున్న ఆట. 1999లో తెచ్చిన 'లెజెండరీ అడ్వెంచర్'లో ఆయన ఆ బరువంతా దించేశారు. తక్కువ నియమాలు, గేమ్ మాస్టర్ విచక్షణకు ఎక్కువ చోటు. పాతికేళ్ల తర్వాత మళ్లీ తొలి పుస్తకాల దారికే వచ్చారన్నమాట.

2004లో పక్షవాతం వచ్చాక పని తగ్గించారు కానీ ఆట మానలేదు. లేక్ జెనీవాలోని ఇంటి వరండాలో స్నేహితులతో, ఎక్కడెక్కడి నుంచో వచ్చే అభిమానులతో ఆడుతూనే ఉన్నారు. 2008 మార్చి 4న, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆర్నెసన్ మరుసటి ఏడాది చనిపోయారు.

కొత్త ఆట మొదలుపెట్టే ముందు అందరూ కూర్చుని ఎవరికేం కావాలో, ఏం వద్దో మాట్లాడుకోవడం ఇప్పుడు చాలా బృందాల్లో అలవాటు. దాన్ని 'సెషన్ జీరో' అంటారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలు 2020లో తెచ్చిన అధికారిక పుస్తకంలోనే దానికి ఒక భాగం కేటాయించారు. గైగాక్స్ తన పుస్తకం ఆఖరి పేజీలో పెట్టిన మాట, ఇప్పుడు పాచిక చేతిలోకి తీసుకోకముందే వినిపిస్తోంది.