గురువు పుస్తకాన్ని దిద్దించిన బాలుడు

మన ఇళ్లలో బుఖారీ షరీఫ్ పేరు వినని వారుండరు. జుమా ప్రసంగంలో ఒక హదీసు బుఖారీలో ఉందని చెబితే చాలు, మనం మరో మాట అడగం. కాని ఆ గ్రంథకర్త జీవితమంతా అడగడంలోనే గడిచింది.

ఇమామ్ ముహమ్మద్ బిన్ ఇస్మాయీల్ బుఖారీ (రహ్మ) హిజ్రీ 194లో, అంటే క్రీ.శ. 810లో, నేటి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారాలో జన్మించారు. తండ్రి చిన్నతనంలోనే కన్నుమూశారు. తల్లి పెంచి, చదివించింది.

ఆయనకు పదకొండేళ్లప్పుడు జరిగిన సంఘటన ఇది. దాఖిలీ అనే గురువు పాఠం చెబుతూ ఒక హదీసును అబూ జుబైర్, ఇబ్రాహీం నుంచి విన్నట్లు చదివారు. అబూ జుబైర్ అసలు ఇబ్రాహీం నుంచి ఏదీ ఉల్లేఖించలేదని బాలుడు మనవి చేశాడు. గురువు గద్దించారు. మీ వద్ద అసలు ప్రతి ఉంటే ఒక్కసారి చూడండని బాలుడు వినయంగా కోరాడు. ఆయన లోపలికి వెళ్లి చూసి వచ్చి, సరైన పేరేమిటని అడిగారు. జుబైర్ బిన్ అదీ అని బాలుడు చెప్పగా, అతని కలమే తీసుకుని తన పుస్తకం దిద్దుకున్నారు. ఆ గురువు గొప్పతనం కూడా మనం మరువరాదు.

పదహారేళ్ల ప్రాయంలో తల్లితో, అన్నతో హజ్‌కు వెళ్లి, విద్య కోసం ఆయన అక్కడే ఉండిపోయారు. హదీసు ఉల్లేఖకుల వివరాలతో 'తారీఖె కబీర్' రచించారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, ఎప్పుడు మరణించారు, జ్ఞాపకశక్తి ఎలాంటిది అన్న పరిశీలన అందులో ఉంది. బలహీనులను కూడా ఆయన దూషించలేదు. 'ఇతని విషయంలో ఆలోచించాలి' అన్నంత మెత్తని మాటే వాడేవారు. దాని బరువు పండితులకు తెలుసు!

ఆ తర్వాత పదహారేళ్ల శ్రమతో, దాదాపు 6 లక్షల ఉల్లేఖనాల నుంచి ఏరి 'సహీహ్' కూర్చారు. పునరుక్తులతో కలిపి 7,275 హదీసులని ఇబ్నె సలాహ్ లెక్క. ఇద్దరు ఉల్లేఖకులు ఒకే కాలం వారైతే ఆయనకు చాలదు, వారు కలుసుకున్నట్లు రుజువు కావాలి. శిష్యుడైన ఇమామ్ ముస్లిం (రహ్మ) కూడా ఇంత కఠిన నియమం పెట్టుకోలేదు. దైవప్రవక్త (స) అనని మాటను ఆయనకు అంటగట్టడం ఘోర పాపం కదా!

బగ్దాద్‌లో పదిమంది చెరి పది హదీసులను, ఒకదాని పరంపరను మరొకదానికి తగిలించి, ఆయన ముందు చదివారట. నూరింటికీ తనకు తెలియదనే అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరు చెప్పిన తప్పును వరుసగా చెప్పి, దాని సరైన రూపం వినిపించారు. ఈ వృత్తాంతం మనకు ఎంతో ఇష్టం. అయితే దీన్ని నమోదు చేసిన ఇబ్నె అదీ, కొందరు పెద్దల నుంచి విన్నానన్నారే గాని వారి పేర్లు చెప్పలేదు. పేరు తెలియని వారి మాటకు ఇమామ్ గారి సహీహ్‌లో చోటు దొరికేది కాదు.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. నైషాపూర్‌లో, ఖుర్ఆన్ పఠనానికి సంబంధించిన ఒక వివాదంలో, తన గురువైన ముహమ్మద్ బిన్ యహ్యా జుహ్లీ ఆయనకు ఎదురు తిరిగారు. ఆయన ఊరు విడిచారు. బుఖారా చేరితే, తన పిల్లలకు భవనానికి వచ్చి చదువు చెప్పాలని గవర్నరు కబురు పెట్టాడు. విద్యను ద్వారాల వెంట తిప్పనని నిరాకరించినందుకు అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. హిజ్రీ 256లో (క్రీ.శ. 870) ఈదుల్ ఫిత్ర్ రాత్రి, సమర్ఖంద్ దగ్గరి ఖర్తంక్ అనే పల్లెలో, బంధువుల ఇంట ఆయన తుదిశ్వాస విడిచారు.

జుహ్లీ ద్వారా విన్న హదీసులను మాత్రం ఆయన సహీహ్ నుంచి తీసివేయలేదు. పూర్తి పేరు చెప్పకుండా ఒకచోట ముహమ్మద్ అని, మరోచోట తాత పేరుతోనో, ముత్తాత పేరుతోనో కలిపి రాశారు. అవి నేటికీ అందులో ఉన్నాయి.