పట్టా పుణేలో... పాఠాలు కాలువ గట్టుపై

అనంతపురం: అనంత నేలను తడపవలసిన పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల్లో పుడుతుంది. ఆ కొండల చెంతనే ఉన్న ముద్దేనహళ్ళి మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్వగ్రామం. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి వలస వెళ్ళిన తెలుగు కుటుంబం వారిది. ఆయన జయంతి అయిన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య, బెంగళూరులో పిల్లలకు చదువు చెబుతూ 1881లో బి.ఎ. పూర్తి చేశారు. మైసూరు సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పుణే సైన్స్ కళాశాలలో చేరి, 1883లో ఇంజినీరింగ్ పరీక్షలో ప్రథమ స్థానం పొందారు. ఆ మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా నియమితులయ్యారు.

ఉద్యోగం తెచ్చిపెట్టినది పట్టా. వృత్తి నేర్పినది మాత్రం క్షేత్రమే. నీటిని కొద్దిమంది పొలాలకే పరిమితం చేయక, ఆయకట్టును ఖండాలుగా విభజించి, వంతులవారీగా పంటలు మార్చే పద్ధతిని 1899లో దక్కను కాలువలకు ప్రతిపాదించారు. ఉన్న కొద్దిపాటి నీటిని ఎక్కువ పల్లెలకు పంచడమే దాని లక్ష్యం. పుణే సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆనకట్ట ఎత్తు పెంచకుండానే అదనపు నీటిని నిలిపే స్వయంచాలక తలుపులను రూపొందించి, 1903లో అమర్చారు. 1908 మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై అక్కడికి వచ్చి, నదీ పరీవాహక ప్రాంతాన్నీ వర్షపాతాన్నీ పరిశీలించి, ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించారు.

1912లో మైసూరు దివాను అయిన పిమ్మట ఆయన విద్యను పరిశ్రమతో ముడివేశారు. 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కళాశాల ఆయన చొరవతోనే ఆరంభమైంది. 1955లో భారతరత్న పొందిన ఆయన 1962లో కన్నుమూశారు.

అనంతపురం ఇంజినీరింగ్ కళాశాల 1946లో ఏర్పడింది. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ జిల్లాలో చెరువు, కాలువ, ఊటకుంట విద్యార్థికి పాఠ్యగ్రంథాలంతటి విలువైనవి. పూడిన చెరువు ఎంత నీరు పట్టగలదో, కాలువ చివరి పొలానికి నీరెందుకు అందడం లేదో స్వయంగా కొలిచి చూసినప్పుడే తరగతిలో విన్న సూత్రం పనికివస్తుంది. విశ్వేశ్వరయ్య జీవితం నుంచి ఇక్కడి యువ ఇంజినీర్లు గ్రహించవలసినది ఇదే.