లండన్ వీధుల కవి విలియం బ్లేక్

నగరంలోని పేదల గోడును ఆంగ్ల కవిత్వానికెక్కించిన మహాకవి విలియం బ్లేక్. ఆయన 1757 నవంబర్ 28న లండన్‌లోని సోహోలో జన్మించారు. తండ్రి మేజోళ్ళ వ్యాపారి. బ్లేక్ కాలేజీ మెట్లెక్కలేదు. 1772లో జేమ్స్ బసైర్ అనే కళాకారుని వద్ద చేరి, 7 సంవత్సరాలు రాగిరేకులపై బొమ్మలు చెక్కడం నేర్చుకున్నారు. జీవితాంతం ఆ పనే ఆయనకు కూడుపెట్టింది.

1782లో కాథరిన్‌ను వివాహమాడారు. పెళ్ళి రిజిస్టరులో ఆమె సంతకానికి బదులు గుర్తు పెట్టింది, మన అమ్మలు వేలిముద్ర వేసినట్టే. బ్లేక్ ఆమెకు చదవడం, రాయడం నేర్పారు. తరువాత ఆయన పుస్తకాల ముద్రణలో, రంగులద్దడంలో ఆమే కుడిభుజమైంది.

అలా ఇంట్లోనే ముద్రించిన 'సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' (1794)లో 'లండన్' అనే 16 పాదాల కవిత ఉంది. ఛందస్సంటే మార్కుల లెక్క మాత్రమే కాదని ఈ కవిత చదివాక మాకు బాగా తెలిసింది. తెలుగులో గురు లఘువులను లెక్కిస్తాం. ఆంగ్లంలో నొక్కి పలికే చోట్లను లెక్కించాలి. ఇందులో పాదానికి 4 నొక్కులు. వీధిలో అడుగులు వేసినట్టే ఉంటుంది. చాలా పాదాల్లో పలికే అక్షరాలు 8. మూడో చరణంలో మాత్రం ప్రతి పాదంలోనూ 7 అక్షరాలే. మొదటి తేలిక అక్షరం తీసేయడంతో పాదం దెబ్బతోనే మొదలవుతుంది.

మన పద్యంలో ప్రాస రెండో అక్షరం, ఇక్కడ పాదం చివర. మూడో చరణంలో 1, 3 పాదాల ప్రాస పొగగొట్టాలు తుడిచే పిల్లవాడి ఏడుపును సైనికుని నిట్టూర్పుతో కలుపుతుంది. 2, 4 పాదాల ప్రాస చర్చిని రాజభవనపు గోడలతో ఒకే తాటికి కడుతుంది. బాధపడేవారు ఒక జత, బాధ్యులు మరో జత! రెండో చరణం 'వినడం' అనే అర్థమున్న 'హియర్' అనే మాటతో ముగుస్తుంది. మూడో చరణంలోని నాలుగు పాదాల మొదటి అక్షరాలను కలిపినా అదే మాట.

బ్లేక్ 1827 ఆగస్టు 12న మరణించారు. బన్‌హిల్ ఫీల్డ్స్‌లో గుర్తు లేని సమాధిలో ఖననం చేశారు. సరిగ్గా ఆ చోట 2018లో శిలాఫలకం వెలిసింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఆంగ్ల పద్యం పెద్దింటి పిల్లల సొత్తు కాదు. పైకి చదవండి, బల్లపై వేలితో తాళం వేయండి. తాళం ఎక్కడ మారితే అక్కడ ఎందుకని అడగండి. కవి చెప్పదలచినది అక్కడే దొరుకుతుంది.