నెత్తురును అరికట్టిన కత్తి: డాక్టర్ హార్వే కుషింగ్ జీవితం

శస్త్రవైద్యానికి ఆదినుండి శత్రువులు మూడు: నొప్పి, చీము, రక్తస్రావం. 1846లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ మత్తు వెలుగులోకి రావడంతో నొప్పి లొంగిపోయింది. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో పుండ్లను శుద్ధిచేసే పద్ధతిని లోకానికి తెలియజేయడంతో చీము వెనుకంజ వేసింది. మూడవ శత్రువైన రక్తస్రావం మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో కూడా మొండిగా నిలిచింది. ముఖ్యంగా మెదడుకు చేసే శస్త్రచికిత్సలో దానిదే పైచేయిగా ఉండేది. ఆ శత్రువుతో జీవితమంతా పోరాడి, చివరకు విద్యుత్తును కత్తిగా మలచుకొని దానిని లొంగదీసిన మహావైద్యుడు డాక్టర్ హార్వే విలియమ్స్ కుషింగ్.

నెత్తురును నిప్పుతో ఆపవచ్చునన్న సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. మన దేశంలో సుశ్రుత సంహిత అగ్నికర్మను విపులంగా వర్ణించింది. స్పెయిన్ దేశంలోని కుర్తుబా నగరానికి చెందిన మహావైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ పదవ శతాబ్దంలో రచించిన ముప్పై భాగాల ‘కితాబ్ అల్ తస్రీఫ్’ అనే మహాగ్రంథంలో చివరి భాగం శస్త్రవైద్యానికి సంబంధించినది. అందులో కాల్చిన ఇనుముతో చేసే చికిత్సకు పెద్దపీట వేశాడు. పదహారవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఆంబ్రోజ్ పారే, అంగాలను తొలగించినప్పుడు కాల్చడానికి బదులు రక్తనాళాలను దారంతో ముడివేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కాని మెదడు విషయంలో ఈ ఉపాయాలు పారలేదు. మెదడు వెన్నవలె మెత్తనిది; అందులోని సన్నని నాళాలకు దారం నిలువదు. ఎర్రగా కాలిన ఇనుము తగిలితే చుట్టూ ఉన్న మంచి భాగం కూడా మాడిపోతుంది. కపాలం మూసిన పెట్టెవంటిది కనుక లోపల మిగిలిపోయిన కొద్దిపాటి నెత్తురు కూడా మెదడును నొక్కి ప్రాణం తీస్తుంది.

కుషింగ్ 1869 ఏప్రిల్ 8వ తేదీన ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులకు ఆయన పదవ సంతానం, అందరిలో చిన్నవాడు. తండ్రి, తాత, ముత్తాత ముగ్గురూ వైద్యులే. 1891లో యేల్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరారు. వంశపారంపర్యంగా వచ్చిన విద్య కదా, సులువుగా అబ్బి ఉంటుందని మనం అనుకోవచ్చు. జరిగింది అది కాదు.

1893లో ఆయన ఇంకా విద్యార్థిగా ఉండగానే ఒక రోగికి ఈథర్ మత్తు ఇచ్చే పని అప్పగించారు. ఆ రోజులలో మత్తు ఇవ్వడం విద్యార్థుల పని. దానికి ప్రత్యేక శిక్షణ అంటూ లేదు. శస్త్రచికిత్స ముగియకముందే ఆ రోగి మరణించాడు. యువకుడైన కుషింగ్ హృదయం ఆ మరణానికి తల్లడిల్లిపోయింది. వైద్యవిద్యనే విడిచిపెట్టి పోదామనుకున్నారు. చివరకు విడిచిపెట్టలేదు. సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి మత్తులో ఉన్న రోగి నాడిని, శ్వాసను కొద్ది నిమిషాలకొకసారి కాగితంపై గుర్తిస్తూ పోయే పద్ధతిని ప్రారంభించారు. నేడు ప్రతి శస్త్రచికిత్సలోనూ తప్పనిసరిగా వ్రాసే మత్తు పట్టికకు అదే అంకురం. ఒక మరణం మిగిల్చిన దుఃఖం ఒక శాశ్వతమైన రక్షణగా మారింది. ఆయన జీవితంలో ఇదే మళ్ళీ మళ్ళీ కనిపించే ధోరణి.

1895లో వైద్యపట్టా అందుకొన్న తరువాత ఆయన బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ వద్ద శిష్యరికం చేశారు. ఆ కాలపు శస్త్రవైద్యులు వేగాన్నే నేర్పుగా భావించేవారు. హాల్‌స్టెడ్ మార్గం వేరు. నిదానంగా, మృదువుగా, ఒక్కొక్క రక్తనాళాన్నీ చిన్న పటకారుతో పట్టి మూసిన తరువాతనే ముందుకు సాగేవారు. గురువునుండి కుషింగ్ నేర్చుకొన్న గొప్ప పాఠం ఈ ఓపికే. 1900లో ఐరోపాకు వెళ్ళి బెర్న్ నగరంలో కోఖర్ వద్ద, లివర్‌పూల్‌లో షెరింగ్టన్ వద్ద పరిశోధనలు చేశారు. 1901లో ఇటలీలోని పావియా ఆసుపత్రిలో రివా రోచీ కనిపెట్టిన రక్తపోటు కొలిచే పరికరాన్ని చూసి, దాని విలువను వెంటనే గుర్తించి అమెరికాకు తీసుకొని వచ్చారు. వ్రేలితో నాడి చూడడం ఉండగా ఈ యంత్రం ఎందుకని పెద్దలు కొందరు పెదవి విరిచారు. కాలం కుషింగ్ పక్షాననే తీర్పు చెప్పింది.

అటుపిమ్మట ఆయన మెదడు శస్త్రచికిత్సనే తన క్షేత్రంగా ఎన్నుకొన్నారు. అప్పటికి అది చాలామంది వైద్యులు భయపడి దూరంగా ఉంచిన క్షేత్రం. దారం నిలువని నాళాలను మూయడానికి సన్నని వెండి తీగతో చేసిన బిళ్ళవంటి నొక్కులను రూపొందించి 1911లో ఆ పద్ధతిని ప్రకటించారు. 1912లో పిట్యూటరీ గ్రంథిపై ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించి, అదే సంవత్సరం బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యులుగా, హార్వర్డ్‌లో ఆచార్యులుగా వెళ్ళారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు రణరంగానికి పోయి, తలలో దిగబడిన ఇనుప తునకలను అయస్కాంతంతో వెలికితీస్తూ వందలాది సైనికులకు చికిత్స చేశారు. 1918లో నరాల వ్యాధి సోకి కాళ్ళు బలహీనపడ్డాయి. ఆ బాధ ఆయనను జీవితాంతం విడువలేదు. అయినా గంటల తరబడి నిలబడి శస్త్రచికిత్స చేయడం మానలేదు.

ఇంత నేర్పు సంపాదించినా ఓడిపోయే రోజులు ఉండేవి. కొన్ని కణితులు రక్తనాళాలతో నిండి, కత్తి తగలగానే ఊటబావివలె నెత్తురు చిమ్మేవి. వెండి నొక్కులు, ఎముకపై పూసే మైనం, రోగి శరీరంనుండే తీసిన కండ ముక్కలు, దూది — ఏవీ చాలేవి కావు. రోగి ప్రాణం దక్కాలంటే పనిని సగంలో ఆపి తల మూసివేయడం మినహా గత్యంతరం ఉండేది కాదు. అటువంటివారి వివరాలన్నీ ఆయన దస్త్రాలలో భద్రంగా ఉండేవి.

ఈ చిక్కును విప్పే తాళంచెవి వైద్యుని చేతిలో కాక ఒక వృక్షశాస్త్రజ్ఞుని చేతిలో దొరకడం విచిత్రం. 1882లో మిషిగన్ రాష్ట్రంలో జన్మించిన విలియం బోవీ మొక్కల శరీరధర్మాలను పరిశోధించి హార్వర్డ్‌లో డాక్టరేటు పొందిన శాస్త్రజ్ఞుడు. కాన్సర్ పరిశోధనకై భౌతికశాస్త్ర పరికరాలను నిర్మిస్తూ, కణజాలాన్ని కోయడానికీ, నెత్తురును గడ్డకట్టించడానికీ రెండింటికీ ఉపకరించే ఒక విద్యుత్ యంత్రాన్ని తయారుచేశారు.

ఆ యంత్రం పనిచేసే తీరు తెలుసుకోదగినది. మన ఇండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. అది దేహంలో ప్రవేశిస్తే కండరాలు బిగుసుకొని, గుండె ఆగి, మరణం కూడా సంభవిస్తుంది. కాని ఈ ఆవృత్తులు సెకనుకు పదివేలకు మించినప్పుడు నరాలూ కండరాలూ దానికి స్పందించవని, వేడి మాత్రమే పుడుతుందని ఫ్రాన్సుకు చెందిన దార్సన్వాల్ 1891 ప్రాంతంలో నిరూపించారు. బోవీ యంత్రంలో ఈ సంఖ్య లక్షలలో ఉంటుంది. రోగి శరీరానికి ఒకచోట వెడల్పైన లోహపు రేకును ఆనించి ఉంచుతారు. వైద్యుని చేతిలోని పరికరం కొన మాత్రం సూదివలె సన్ననిది. భూతద్దం సూర్యరశ్మిని ఒక్క చుక్కలో కూడదీసి కాగితాన్ని కాల్చినట్లు, విద్యుత్తు ఆ సన్నని కొన వద్ద గుమిగూడి తీవ్రమైన వేడిని పుట్టిస్తుంది; రేకు వద్ద విశాలంగా పరచుకోవడంవల్ల అక్కడ హాని జరుగదు. కాల్చిన ఇనుముకూ దీనికీ భేదం ఇక్కడే ఉన్నది. అక్కడ వేడి ఇనుములో ఉంటుంది. ఇక్కడ వేడి కణజాలంలోనే పుడుతుంది.

తరంగాలను ఎడతెగకుండా పంపితే కణాలలోని నీరు క్షణంలో ఆవిరై కణాలు పగిలి, కత్తితో గీసినట్లు కణజాలం విడిపోతుంది. తరంగాలను విడివిడిగా, ఆగి ఆగి పంపితే కణజాలం తెగదు. కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడినట్లు మాంసకృత్తులు గడ్డకట్టి రక్తనాళపు నోరు మూసుకుపోతుంది. కోతకు ఒక తరంగం, కట్టుకు మరొక తరంగం: రెండింటినీ ఒకే యంత్రంలో అమర్చడమే బోవీ ప్రతిభ.

1926 సంవత్సరం కుషింగ్ జీవితంలో కీర్తినీ శోకాన్నీ ఒకేసారి తెచ్చింది. తన గురుతుల్యులు సర్ విలియం ఆస్లర్ జీవితచరిత్రను రచించినందుకు ఆయనకు ఆ యేడు పులిట్జర్ బహుమతి లభించింది. ఆ వేసవిలోనే యేల్‌లో చదువుతున్న పెద్దకుమారుడు విలియం మోటారు ప్రమాదంలో మరణించాడు. ఆ వార్త చెవినబడిన రోజున కూడా ఆయన, తనకై ఎదురుచూస్తున్న రోగికి శస్త్రచికిత్స ముగించిన తరువాతనే ఇల్లు చేరారట. దీనిని కర్తవ్యనిష్ఠ అని మెచ్చినవారున్నారు, కఠినహృదయమని నొచ్చుకున్నవారూ ఉన్నారు. తన దుఃఖాన్ని పనిలోనే దాచుకొన్న మనిషి ఆయన.

ఆ శరత్కాలంలో ఒక రోగి వచ్చాడు. అతని తలపై నాళాలతో నిండిన పెద్ద కణితి పెరుగుతున్నది. దానిని తీయబోతే నెత్తురు ఆగక పని సగంలో విడిచిపెట్టవలసి వచ్చింది. కొద్దిరోజుల తరువాత, 1926 అక్టోబరు 1వ తేదీన, కుషింగ్ కోరికపై బోవీ తన యంత్రాన్ని శస్త్రచికిత్సశాలకు తరలించారు. బోవీ యంత్రం మీటలను సర్దుతుండగా కుషింగ్ కణితిని తునకలు తునకలుగా కోసి తీశారు. కోసినచోటల్లా నెత్తురు గడ్డకడుతూ వచ్చింది. రక్తదానం చేయడానికి సిద్ధంగా కూర్చున్న విద్యార్థి ఆ దృశ్యాన్ని చూడలేక సొమ్మసిల్లి పడిపోయాడు. కాని రోగి బ్రతికాడు. అసాధ్యమని విడిచిపెట్టిన పని సాధ్యమయింది.

కుషింగ్ వెంటనే తన పాత దస్త్రాలను తిరగవేశారు. నెత్తురుకు భయపడి తాను సగంలో ఆపివేసిన రోగులను ఒక్కొక్కరినీ తిరిగి పిలిపించారు. ఒకనాటి ఓటమిని ఒప్పుకొని వ్రాసి ఉంచడంవల్లనే ఆ రోగులకు రెండవ అవకాశం దక్కింది.

కొత్త పనిముట్టు కొత్త ప్రమాదాలను కూడా వెంటబెట్టుకొని వచ్చింది. ఈథర్ ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనేది. ఒక రోగికి నుదుటి ఎముకలోని గాలిగది తెరుచుకొన్నప్పుడు నీలిమంట పైకి ఎగసింది. మరొకసారి లోహపు పరికరంనుండి కుషింగ్ చేతికే విద్యుదాఘాతం తగిలింది. ఇటువంటివి దాచిపెట్టేవారే ఎక్కువ. ఆయన మాత్రం 1928లో ప్రచురించిన వ్యాసంలో విజయాలతోపాటు వీటినీ వివరించారు. బోవీ తన యంత్రం గురించి అదే వ్యాసానికి అనుబంధం వ్రాశారు. ఆ వ్యాసంతో విద్యుత్ శస్త్రచికిత్సకు లోకంలో గౌరవస్థానం లభించింది.

యంత్రాన్ని కనిపెట్టిన బోవీకి మాత్రం అదృష్టం కలిసిరాలేదు. తన పేటెంటును ఒక్క డాలరుకు ఒక పరికరాల సంస్థకు ఇచ్చివేశారు. హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన స్థానం దక్కలేదు. 1958లో సామాన్య స్థితిలో కన్నుమూశారు. అయినా అమెరికా శస్త్రచికిత్సశాలలలో ఆ పనిముట్టును నేటికీ బోవీ అనే పిలుస్తారు. సంపద చేరకపోయినా పేరు నిలిచింది.

1931 ఏప్రిల్ 15వ తేదీన కుషింగ్ తన రెండువేలవ మెదడు కణితికి శస్త్రచికిత్స చేశారు. మరుసటి సంవత్సరం ఆ రెండువేల కేసుల ఫలితాలను, మరణాల శాతంతో సహా, గ్రంథంగా ప్రకటించారు. పిట్యూటరీ గ్రంథిలోని చిన్న కణితి వల్ల వచ్చే, ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన వ్యాధిని వివరించినది కూడా 1932లోనే. ఆ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించి, తాను సేకరించిన అపూర్వమైన ప్రాచీన వైద్యగ్రంథాలను ఆ సంస్థకే అర్పించారు. 1939 అక్టోబరు 7వ తేదీన గుండెజబ్బుతో న్యూ హేవెన్‌లో పరమపదించారు. మరణానంతరం పరీక్షించగా జీవితమంతా ఇతరుల మెదళ్ళలోని కణితులను తొలగించిన ఆ మహనీయుని మెదడులోనే ఒక చిన్న తిత్తి కనిపించింది!

ఆయనలో లోపాలు లేవని చెప్పలేము. సహాయకులపట్ల కటువుగా ప్రవర్తించేవారు. చిన్న పొరపాటును కూడా సహించేవారు కారు. ఇంటికి దక్కవలసిన కాలాన్ని ఆసుపత్రి హరించింది. కాని ఆ కాఠిన్యాన్ని అందరికంటే ముందు తనపైనే ప్రయోగించుకొన్నారు. శస్త్రచికిత్స ముగియగానే చూసినదంతా స్వహస్తాలతో బొమ్మగా గీసి, వివరాలు వ్రాసి, ఆ తరువాతనే విశ్రమించేవారు. ఆయన భద్రపరచిన నమూనాలను 2010 నుండి యేల్ వైద్య గ్రంథాలయంలో ప్రజల సందర్శనకై ఉంచారు.

నేడు ఇంచుమించు ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ ఈ విద్యుత్ కత్తి ఉన్నది. మన వైద్యులు దీనిని కాటరీ అనీ, డయాథెర్మీ అనీ వ్యవహరిస్తారు. 1940లో జేమ్స్ గ్రీన్‌వుడ్ విద్యుత్తు పటకారు రెండు కొనల మధ్యనే ప్రసరించే పద్ధతిని ప్రవేశపెట్టడంతో మెదడు వంటి సున్నితమైన చోట్ల ఇది మరింత సురక్షితమయింది. రేకు సరిగా ఆనకపోతే చర్మం కాలడం, మండే ద్రవాలు అంటుకోవడం వంటి ప్రమాదాలు నేటికీ లేకపోలేదు. కనుక జాగరూకత ఎన్నటికీ అవసరమే.

విద్యార్థి సోదర సోదరీమణులారా! కుషింగ్ జీవితంనుండి మనం గ్రహించవలసినవి రెండు. ఒకటి, ఓటమిని దాచుకోక వ్రాసి ఉంచుకొనే నిజాయితీ. మత్తులో మరణించిన రోగి మత్తు పట్టికకు దారితీశాడు. సగంలో ఆగిన శస్త్రచికిత్సల చిట్టా ఎందరికో తిరిగి ప్రాణం పోసింది. రెండవది, తన శాస్త్రం వెలుపలి విద్వాంసుని విద్యను ఆదరించే విశాలత. మొక్కలను చదివిన శాస్త్రజ్ఞుడు తెచ్చిన యంత్రం తనకెందుకని ఆ ప్రఖ్యాత వైద్యుడు అనుకొని ఉంటే, ఆ అక్టోబరు నాటి రోగికి బ్రతుకు ఉండేది కాదు. విజ్ఞానశాస్త్రం చదివేవారికైనా, వాణిజ్యశాస్త్రం చదివేవారికైనా, సాహిత్యం చదివేవారికైనా ఈ రెండు గుణాలూ సమానంగా అవసరమైనవే.