రేచల్ కార్సన్: పొలాల మందుల నుంచి ఇంటి సబ్బు దాకా ప్రశ్నించిన శాస్త్రవేత్త

(మే 27 - రేచల్ కార్సన్ జయంతి)

ఓల్డ్ రాజిందర్ నగర్ (న్యూఢిల్లీ): దేశ విభజన అనంతరం శరణార్థుల కోసం వెలసి, తొలి రాష్ట్రపతి పేరును నిలుపుకున్న ఈ కాలనీ నేడు సివిల్ సర్వీసెస్ అభ్యర్థులకు నిలయం. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడి అద్దె గదుల్లో చదువుకునే యువతకు రేచల్ కార్సన్ పేరు కొత్త కాదు. పర్యావరణ ఉద్యమ చరిత్రను తెరవగానే ఎదురయ్యే పేరు ఆమెది. అయితే డీడీటీని ప్రశ్నించిన రచయిత్రిగా ఆమె ఎంత ప్రసిద్ధురాలో, గృహిణి అల్మరాలోని సీసాలను, నేల తుడిచే ద్రావణాలను, నీటిలో కలిసే డిటర్జెంటును కూడా ప్రశ్నించిన వ్యక్తిగా అంత తక్కువగా తెలుసు. ఇంటి శుభ్రతా ఉత్పత్తులలో హార్మోన్ల వ్యవస్థను దెబ్బతీసే రసాయనాలను తగ్గించాలన్న నేటి చర్చకు మూలాలు ఆమె జీవితంలో ఉన్నాయి.

నది ఒడ్డున బాల్యం

రేచల్ లూయిజ్ కార్సన్ 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం స్ప్రింగ్‌డేల్‌లో జన్మించారు. అలెగెనీ నదికి సమీపంలో ఆ కుటుంబానికి 65 ఎకరాల భూమి ఉండేది. ముగ్గురు సంతానంలో ఆమె కడగొట్టు బిడ్డ. తల్లి మరియా కూతురిని వెంటబెట్టుకుని తోటలు, పొదలు తిరుగుతూ పక్షులను, పురుగులను, పూలను పరిచయం చేశారు. పదకొండేళ్ల ప్రాయంలోనే రేచల్ రాసిన కథ ఒక పిల్లల పత్రికలో అచ్చయింది.

రచయిత్రి కావాలన్న కోరికతో ఆమె పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం ఎంచుకున్నారు. జీవశాస్త్ర అధ్యాపకురాలు మేరీ స్కాట్ స్కింకర్ బోధన ఆ దారిని మళ్లించింది. 1929లో పట్టభద్రురాలై, ఆ వేసవిలోనే వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో తొలిసారి సముద్ర జీవులపై అధ్యయనం చేశారు. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి జంతుశాస్త్రంలో ఎం.ఎ. పట్టా పొందారు. డాక్టరేట్ చేయాలనుకున్నా ఆర్థిక మాంద్యం ఆ ఆశను నిలువునా ఆపేసింది.

కుటుంబ భారం, కలం బలం

1935లో తండ్రి మరణించారు. 1937లో అక్క కన్నుమూయడంతో ఆమె ఇద్దరు కుమార్తెల బాధ్యత రేచల్, మరియాల మీద పడింది. అప్పటికే రేచల్ ప్రభుత్వ మత్స్య విభాగంలో రేడియో కార్యక్రమాలకు రచనలు చేసి, 1936లో జల జీవశాస్త్రవేత్తగా ఉద్యోగంలో చేరారు. పగలు కార్యాలయం, రాత్రి రచన. చేపలు, వన్యప్రాణుల సేవా విభాగంలో 1949 నాటికి ప్రచురణలన్నింటికీ ప్రధాన సంపాదకురాలి స్థాయికి ఎదిగారు.

1941లో వచ్చిన తొలి పుస్తకం యుద్ధ వార్తల హోరులో మరుగున పడింది. 1951లో వెలువడిన ‘ది సీ అరౌండ్ అస్’ మాత్రం న్యూయార్క్ టైమ్స్ అత్యధిక విక్రయాల జాబితాలో 86 వారాలు నిలిచి, జాతీయ గ్రంథ పురస్కారం అందుకుంది. ఆ ఆదాయంతో 1952లో ఉద్యోగం విడిచిపెట్టి పూర్తికాలం రచనకు అంకితమయ్యారు. 1957లో మేనకోడలు మరణించగా, ఆమె ఐదేళ్ల కుమారుడిని దత్తత తీసుకున్నారు. అవివాహితగా, యాభయ్యో ఏట, ఒక పసివాడికి తల్లి అయ్యారు.

మూగబోయిన వసంతం

రెండో ప్రపంచ యుద్ధంలో టైఫస్, మలేరియాలను అదుపు చేసిన డీడీటీకి నాడు అద్భుత ఔషధమన్న పేరుండేది. భారతదేశమూ అదే నమ్మకంతో 1954లో హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థను నెలకొల్పింది. మలేరియా నిర్మూలన కోసం డీడీటీ తయారుచేసిన ఆ సంస్థ తొలి కర్మాగారం ఢిల్లీలోనే, ఓల్డ్ రాజిందర్ నగర్‌కు పడమటి దిక్కున సాగే నజఫ్‌గఢ్ రోడ్డులో ఉండేది. వేల ప్రాణాలను కాపాడిన రసాయనాన్ని ప్రశ్నించడం ఏ దేశంలోనైనా తేలిక కాదు.

రేచల్ 1945లోనే డీడీటీ ప్రభావాలపై వ్యాసం రాస్తానని ఒక ప్రముఖ పత్రికను అడిగినా, ఆ పత్రిక ఆసక్తి చూపలేదు. 1958లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక మిత్రురాలి లేఖ ఆమెను కదిలించింది. దోమల నివారణకు విమానంతో మందు చల్లిన తరువాత తన ఆవరణలో పక్షులు రాలిపోయాయని ఆ లేఖ సారాంశం. నాలుగేళ్లపాటు వైద్యులు, జీవశాస్త్రవేత్తలు, ప్రభుత్వ అధికారులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, వందలాది అధ్యయనాలను పరిశీలించి ఆమె ‘సైలెంట్ స్ప్రింగ్’ రాశారు. 1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో ధారావాహికగా, సెప్టెంబర్ 27న పుస్తకంగా అది వెలువడింది.

ఆ పుస్తకం పొలాల దగ్గరే ఆగలేదు. దుకాణాల్లో ఆహార పదార్థాలకు కూతవేటు దూరంలో విష రసాయనాలను అమ్మడాన్ని, అల్మరాలో పరిచే కాగితంలోనూ నేలకు పూసే మైనంలోనూ పురుగుమందు కలపడాన్ని, హెచ్చరికను కంటికి ఆనని అక్షరాలలో ముద్రించడాన్ని ఒక అధ్యాయం ఎత్తిచూపింది. క్యాన్సర్‌పై రాసిన అధ్యాయం డిటర్జెంట్లు తాగునీటి వనరులలో విస్తృతంగా చేరుతున్నాయని గుర్తుచేసింది. కాలేయం దెబ్బతింటే శరీరంలో ఈస్ట్రోజెన్ సమతుల్యత తప్పవచ్చన్న అనుమానాన్నీ అదే అధ్యాయం చర్చించింది. హార్మోన్లకు, బయటి రసాయనాలకు మధ్య సంబంధాన్ని సాధారణ పాఠకుడి ముందుంచిన తొలి ప్రయత్నాలలో అదొకటి.

దాచిన వ్యాధి

పుస్తకం రాస్తున్న కాలంలోనే, 1960లో, ఆమెకు రొమ్ము శస్త్రచికిత్స జరిగింది. గడ్డ స్వభావాన్ని వైద్యుడు ఆమెకు స్పష్టంగా చెప్పలేదు. రోగి స్త్రీ అయితే నిజాన్ని ఆమెకు చెప్పకపోవడం ఆనాటి వైద్యంలో వింతేమీ కాదు. నెలల తరువాత మరో నిపుణుడిని ఆశ్రయించినప్పుడే క్యాన్సర్ వ్యాపించిందని తెలిసింది. రేడియేషన్ చికిత్స, కీళ్ల వాపు, కొంతకాలం చూపు మందగించడం వంటి బాధల నడుమ ఆమె పుస్తకం పూర్తి చేశారు.

తన జబ్బు సంగతిని ఆమె సన్నిహితులకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. క్యాన్సర్‌తో బాధపడుతున్న మహిళ కోపంతో రసాయనాలను నిందిస్తోందని ప్రత్యర్థులు ప్రచారం చేస్తారన్నది ఆమె భయం. ఆమె వ్యాధికి ఫలానా రసాయనమే కారణమని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఆమె కూడా అలా ఎన్నడూ వాదించలేదు.

దాడి మాత్రం తప్పలేదు. ఒక సంస్థ పుస్తక ప్రచురణకర్తను న్యాయ చర్యలతో బెదిరించింది. మోన్‌శాంటో సంస్థ వ్యంగ్య రచన ప్రచురించింది. అమెరికన్ సైనమిడ్ సంస్థకు చెందిన రాబర్ట్ వైట్ స్టీవెన్స్ ఆమెను తీవ్రంగా విమర్శించారు. ఆ సంస్థ పేరు తెలుగువారికి మరో విధంగా పరిచితం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రాణరక్షక ఔషధాలకు బాటలు వేసిన లెడర్లీ ప్రయోగశాల దాని అనుబంధ విభాగమే. రసాయన శాస్త్రం ఒక చేత్తో ప్రాణం పోయగలదు, మరో చేత్తో తీయగలదు. రేచల్ రసాయనాలన్నింటినీ నిషేధించాలని కోరలేదు. పరీక్షించకుండా, ప్రజలకు చెప్పకుండా వాడవద్దన్నదే ఆమె వాదన.

1963 మేలో అధ్యక్షుడు కెనడీ శాస్త్ర సలహా సంఘం నివేదిక ఆమె హెచ్చరికలను చాలావరకు బలపరిచింది. జూన్ 4న ఆమె సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చారు. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో, మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది అమెరికా సబ్బుల పరిశ్రమ, నదులలో నురుగు పేరుకుపోవడానికి కారణమైన, సులభంగా విచ్ఛిన్నం కాని డిటర్జెంట్లను విడిచి జీవక్రియతో విచ్ఛిన్నమయ్యే రకాలకు మారింది. 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అమెరికా వ్యవసాయంలో డీడీటీని నిషేధించింది. 1980లో రేచల్‌కు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ లభించింది.

అనుమానం రుజువైన వేళ

ఆమె వదిలివెళ్లిన ప్రశ్నకు జవాబు ఊహించని చోట దొరికింది. బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ రొమ్ము క్యాన్సర్ కణాలపై పరిశోధన చేస్తుండగా, ఈస్ట్రోజెన్ లేకుండానే కణాలు వృద్ధి చెందాయి. ప్లాస్టిక్ గొట్టాల నుంచి ఊరుతున్న నోనైల్‌ఫినాల్ అనే పదార్థమే కారణమని వారు 1991లో ప్రకటించారు. డిటర్జెంట్లలో మురికిని వదిలించేందుకు వాడే నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు నీటిలో విచ్ఛిన్నమైనప్పుడు మిగిలేది కూడా అదే. అదే ఏడాది థియో కోల్‌బార్న్ నాయకత్వంలో విస్కాన్సిన్ రాష్ట్రంలో సమావేశమైన శాస్త్రవేత్తలు ఇటువంటి పదార్థాలకు ‘ఎండోక్రైన్ డిస్‌రప్టర్లు’ అని పేరు పెట్టారు.

హార్మోను తాళంచెవి అయితే కణంలోని గ్రాహకం తాళం. ఈ రసాయనాలు దొంగ తాళంచెవుల వలె పనిచేస్తాయి. కొన్ని తాళాన్ని అకాలంలో తెరుస్తాయి, కొన్ని అసలు తాళంచెవిని దూరనివ్వవు. గర్భస్థ శిశువు, పసిపిల్లల ఎదుగుదలను నడిపించేవి స్వల్ప మోతాదు హార్మోన్లే కనుక వారి విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం.

ఐరోపా సమాఖ్య 2005 నుంచి శుభ్రతా ఉత్పత్తులలో నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లను 0.1 శాతానికి పరిమితం చేసింది. ట్రైక్లోసాన్ కలిపిన యాంటీబాక్టీరియల్ సబ్బులు మామూలు సబ్బు కన్నా మేలని తయారీదారులు నిరూపించలేకపోవడంతో అమెరికా 2016లో వాటిని నిలిపివేస్తూ నిర్ణయం తీసుకుంది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే టాక్సిక్స్ లింక్ సంస్థ మన డిటర్జెంట్లలో, నదులలో నోనైల్‌ఫినాల్ ఉనికిని వెల్లడించి, నియంత్రణ కోరుతోంది. కాళిందీ కుంజ్ వద్ద యమునపై ఏటా తేలే తెల్లని నురుగులో శుద్ధి చేయని మురుగుతో పాటు ఇళ్ల నుంచి వచ్చే డిటర్జెంట్ల పాత్ర కూడా ఉంది.

ఇంట్లో చేయదగినది

చట్టం వచ్చేలోగా ఇంటివారు చేయగలిగినదీ ఉంది. ఘాటైన సువాసనలు ఎక్కువసేపు నిలిచేందుకు కొన్ని ఉత్పత్తులలో థాలేట్లు కలుపుతారు కనుక, పరిమళం లేని రకాన్ని ఎంచుకోవడం మేలు. చేతులకు మామూలు సబ్బు, నీరు చాలు. సీసాపై పదార్థాల పూర్తి జాబితా ముద్రించిన ఉత్పత్తికే ప్రాధాన్యమివ్వాలి. ఇత్తడి పాత్రలకు చింతపండు, ఉన్ని, పట్టు వస్త్రాలకు కుంకుడుకాయ రసం మన ఇళ్లలో తరతరాల అలవాటే. దుమ్ములో ఈ రసాయనాలు చేరుతాయి కనుక తడిబట్టతో తుడవడం మంచిది. గాలి ఆడని ఇరుకు గదుల్లో శుభ్రం చేసేటప్పుడు కిటికీ తెరవాలి. బ్లీచింగ్ పదార్థాన్ని, మరుగుదొడ్డి శుభ్రపరిచే యాసిడ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. అందులోంచి ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

తన ఇంట్లోకి ఏ రసాయనం వస్తున్నదో తెలుసుకునే హక్కు పౌరుడికి ఉందని రేచల్ కార్సన్ ఆరు దశాబ్దాల క్రితమే వాదించారు. ఎన్నో సీసాలపై ఆ వివరం నేటికీ కనిపించదు. రేపు విధానాలు రూపొందించే స్థానాలలోకి వెళ్లాలని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో చదువుకుంటున్న యువతకు ఆమె జీవితం పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు, పదవిలోకి వచ్చాక తీర్చవలసిన బాకీ కూడా.