భోజనబల్ల దగ్గర పుట్టిన స్తోత్రగీతం

ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా మనం కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటాం. మంచిదే. మరి మేలేమీ కనబడని ఏడాదిలో మన స్తోత్రం ఏమవుతుంది? మార్టిన్ రింకార్ట్ జీవితం మనల్ని అడిగే ప్రశ్న ఇదే.

ఆయన 1586లో జర్మనీలోని ఐలెన్‌బర్గ్ పట్టణంలో జన్మించారు. 1617లో ఆ ఊరి సంఘానికే సేవకుడిగా వచ్చారు. మరుసటి ఏడాదే ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. ఊరి చుట్టూ ప్రాకారం ఉండటంతో ఎందరో ప్రాణాలు దక్కించుకోవడానికి అక్కడికి చేరారు. 1637లో తెగులు వచ్చింది. తోటి సేవకులు లేకుండా పోయారు. రింకార్ట్ ఒక్కరే ఆ ఏడాది నాలుగు వేలమందికి పైగా సమాధి చేశారు. వారిలో ఆయన భార్య కూడా ఉన్నారు. తరువాత కరవు వచ్చినప్పుడు ఉన్నదంతా పేదలకు పంచి, సొంత పిల్లల తిండికి అప్పు చేశారు.

నేటికీ ఎన్నో దేశాల సంఘాలు పాడుకునే ఒక గొప్ప కృతజ్ఞతా గీతం ఆయన రాసిందే. భోజనబల్ల దగ్గర ఇంటివారు చేసుకునే చిన్న ప్రార్థనగా అది పుట్టింది. ఆ గీతం కష్టాన్ని దాచదు. తల్లి ఒడి నుంచి కాపాడిన దేవుణ్ణి స్తుతిస్తూనే, సమాధానం ఇమ్మనీ ఆపదల నుంచి విడిపించమనీ వేడుకుంటుంది. కృతజ్ఞత, కన్నీటి విన్నపం ఒకే ప్రార్థనలో ఇమడగలవు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మన అవసరాలు చెప్పుకోకముందు, పళ్లెంలోని అన్నం కోసం పిల్లలతో కలిసి స్తోత్రం చెల్లిద్దాం. మామూలు రోజుల్లో అలవాటైన స్తోత్రమే కష్టదినాన మన నోట నిలుస్తుంది.